లీలావతి గారు రిజిస్టరులో రాసిన రెండు పేర్లు

సింగపూర్ తెలుగువాళ్ళ గురించి ఎవరైనా పుస్తకం వేస్తే అందులో ఎవరెవరుంటారో నేను ఇప్పుడే చెప్పగలను. సంఘానికి అధ్యక్షులుగా చేసినవాళ్ళు, బ్యాంకుల్లో పెద్ద కుర్చీల్లో కూర్చున్నవాళ్ళు, పరిశోధనలు చేసి పేరు తెచ్చుకున్నవాళ్ళు, శాలువాలు కప్పించుకున్నవాళ్ళు ఉంటారు. లీలావతి గారు ఉండరు. ఆవిడని మనవాళ్ళకి దూరం చేసింది నేనే కాబట్టి ఆవిడ గురించి రాయాల్సిన పని కూడా నా మీదే పడింది. రాయడానికి ఇన్నేళ్ళు పట్టింది. సిగ్గుతోనే రాస్తున్నాను. మధ్యలో ఎక్కడైనా నన్ను నేను వెనకేసుకొస్తున్నట్టు అనిపిస్తే, ఆ ముక్క నమ్మకండి.

ఆవిడది చీరాల. తండ్రి మగ్గం నేసేవాడు, తల్లి నూలు కండెలు చుట్టేది. ఆ ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషి ఆవిడే. గుంటూరులో ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చేసి, షిప్‌యార్డులో వెల్డరుగా చేరిన భర్త మల్లికార్జునరావు గారి వెంట సింగపూర్ వచ్చారు. బెడోక్‌లో మూడు గదుల ఫ్లాట్. పొట్టి మనిషి, మందపాటి కళ్ళద్దాలు, నడకలో ఎప్పుడూ బస్సు అందుకోవాలన్నంత తొందర. ఆదివారం మధ్యాహ్నం ఆ ఫ్లాట్ తలుపు తెరిచే ఉండేది. ఒంటరిగా ఉండే కుర్రాళ్ళం నలుగురైదుగురం వెళ్ళి వంకాయ కూర, పప్పుచారు తిని, సోఫాలోనే కాసేపు కునుకు తీసి వచ్చేవాళ్ళం. ఒక్కసారి కూడా "మళ్ళీ ఎప్పుడొస్తావు?" అని అడగలేదు. వస్తామని ఆవిడకి తెలుసు.

ఉద్యోగం గురించి అడిగితే "క్లినిక్‌లో" అనేవారు. "ఆడవాళ్ళ క్లినిక్" అని ఇంకో ముక్క కలిపేవారు. కాన్పుల ఆసుపత్రి కాబోలని మేమే అనుకున్నాం, ఆవిడ సరిదిద్దలేదు.

ఆ క్లినిక్ గేలాంగ్ సందుల పక్కన ఉండేది. ఆ సందుల్లో ప్రభుత్వ అనుమతితో నడిచే ఇళ్ళు కొన్ని ఉండేవి. వాటిల్లో ఒళ్ళు అమ్ముకుని బతికే ఆడవాళ్ళు ఆ క్లినిక్‌కి వచ్చి నెలనెలా రక్తపరీక్ష చేయించుకుని, కార్డు మీద ముద్ర వేయించుకున్నాకే పనిలోకి వెళ్ళాలి. పరీక్షలో రోగం బయటపడితే కార్డు పోతుంది. ఆ రక్తం తీసేది లీలావతి గారే. పద్దెనిమిదేళ్ళుగా తీస్తున్నారు. థాయ్ పిల్లలు, చైనా పిల్లలు, మలయ్ వాళ్ళు, తమిళులు వచ్చేవారు. ఒక తమిళావిడ "అక్కా" అని పిలవడం మొదలుపెడితే అందరికీ అదే పేరైపోయింది. కొత్తగా వచ్చిన పిల్ల సూదికి భయపడితే, తెలుగులోనే "ఏం కాదమ్మా, అయిపోయింది, అయిపోయింది" అనేవారట. భాష తెలియకపోయినా పిల్ల ఊరుకునేదట. బజార్లో వాళ్ళలో ఎవరైనా ఎదురైతే తనంతట తాను పలకరించేవారు కాదు. వాళ్ళు నవ్వితేనే నవ్వేవారు. వాళ్ళ పేర్లు ఇంట్లో భర్తకి కూడా చెప్పలేదు. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. తెలియాల్సిన సమయానికి నాకు తెలిసింది ఒక్కటే, నేను గొప్పవాడినని.

అది 2006. సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఎదురు లేని రోజులు. పొద్దున ఒక కంపెనీలో రాజీనామా చేసి సాయంత్రం ఇంకో కంపెనీలో చేరేవాళ్ళు కూడా ఉండేవారు. నేను జురాంగ్ ఈస్ట్‌లో ముగ్గురితో కలిసి అద్దెకుంటూ, వన్-నార్త్ అనే ఆఫీసుల పేటలో ఉద్యోగం చేస్తూ, తీరిక వేళల్లో "సాగరవార్త" అని ఒక వెబ్ పత్రిక నడిపేవాణ్ణి. సంపాదకుడు, విలేకరి, ఫొటోగ్రాఫరు అన్నీ నేనే. ఉగాది పచ్చడి ఎవరు చేశారు, దసరాకి ఎవరి పాప డాన్సు చేసింది, ఇవీ అందులో వార్తలు. రెండొందల మంది చదివేవారు. అందులో సగం మంది తమ ఫొటో పడిందా లేదా చూసుకునేవారు. నాకేమో లోపల తహతహ. ఒక్క అసలైన వార్త, ఒక్కటంటే ఒక్కటి రాయాలి.

మా కంపెనీకి ఒక రక్తపరీక్షల ల్యాబ్ పని వచ్చింది. పాత కంప్యూటర్లో ఉన్న రికార్డులన్నీ కొత్త సిస్టంలోకి మార్చాలి. లోపల ఏముందో చదవనని, బయట చెప్పనని కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. పెట్టాను. రెండో వారంలోనే చదివాను.

గేలాంగ్ క్లినిక్ నుంచి వచ్చిన జాబితా అది. వరసగా థాయ్ పేర్లు, చైనా పేర్లు. వాటి మధ్యలో కోటేశ్వరి. ఇంకాస్త కిందికి పోతే బాలనాగమ్మ. ఇంకెవరు చూసినా ఏదో ఇండియన్ పేరు అనుకుని దాటిపోతారు. నేను దాటలేకపోయాను. మనవాళ్ళు! ఎదురుగా ఉన్న గడిలో హెచ్ఐవీ పాజిటివ్ అని ఉంది. వెనక్కి వెళ్ళి చూశాను. ముందు నెల కూడా ఈ రెండు పేర్లే, అదే ఫలితం. అలా ఏడు నెలలు. చివరి గడిలో కార్డు రద్దయినట్టు ఎక్కడా లేదు. అంటే రోగం ఉందని తెలిసీ ఏడు నెలలుగా వాళ్ళని పనిలోకి పంపుతున్నారన్నమాట. నాకు ఒళ్ళు జలదరించింది. ఆ జలదరింపులో జాలి పావు వంతు. మిగతా ముప్పావు సంతోషం. వార్త దొరికింది.

వయసు గడిలో ఇద్దరికీ ఇరవై ఆరు, ఇరవై ఏడు అని ఉంది. ఈ కాలంలో ఇరవై ఆరేళ్ళ పిల్లకి బాలనాగమ్మ అన్న పేరు ఎవరు పెడతారు? తెలుగువాడన్నవాడికి అక్కడే అనుమానం రావాలి. నాకు రాలేదు.

"గేలాంగ్ పరీక్షలు: అంతా కాగితం మీదే!" అని రాశాను. పేర్లు వెయ్యలేదు. "ఇద్దరు తెలుగు ఆడపడుచులు" అన్నాను, "విశ్వసనీయ వర్గాలు" అన్నాను. ఆ వర్గాలన్నీ నేనొక్కణ్ణే. క్లినిక్‌కి ఫోన్ చెయ్యలేదు. చేస్తే నీకెలా తెలిసిందని అడుగుతారు కదా. ఒక్క రోజులో నాలుగు వేల మంది చదివారు.

ఆ ఆదివారం జురాంగ్ ఈస్ట్‌లో మన సంఘం సమావేశం. జనార్దనరావు గారని కరీంనగర్ ఆయన, బ్యాంకులో పెద్ద అధికారి, అందరిముందూ నన్ను లేపారు.

"ఏమయ్యా గోపీ, గీ ముచ్చట నీకెవరు చెప్పిండ్రు?"

"నా సోర్స్ ఎవరో చెప్పకూడదు అంకుల్."

"సోర్సా? వెబ్‌సైట్ పెట్టంగనే జర్నలిస్టు అయితరా? ఆ క్లినిక్ డాక్టర్‌ను అడిగినవా?"

"అడిగితే ఒప్పుకుంటారా?"

"ఒప్పుకుంటడో లేదో తర్వాత సంగతి. అడిగినవా, లేదా?"

వెనక వరసల్లో ఎవరో కిసుక్కున నవ్వారు.

"అయితే గది వార్త కాదు. ఉత్త గప్పాలు" అని ఆయన కూర్చున్నారు.

ఆయన అడిగింది నూటికి నూరుపాళ్ళూ సరైన ప్రశ్న. అప్పుడు మాత్రం నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇంటికొచ్చేసరికి లీలావతి గారి ఫోన్.

"గోపీ, నువ్వు రాసింది శ్రీలేఖ కంప్యూటర్లో చూపించింది. తీసెయ్ నాయనా. అది నిజం కాదు." శ్రీలేఖ వాళ్ళమ్మాయి, కాలేజీలో చదువుతోంది.

"మీకెలా తెలుసు ఆంటీ?"

"తెలుసు. ఇంకేం అడగమాక. నా మాట విని తీసెయ్."

"ఆంటీ, మీరు మంచివాళ్ళు. ఆ సందుల్లో ఏం జరుగుతుందో, ఆ లోకం ఎలా ఉంటుందో మీకు తెలియదు. ఇది ఆడవాళ్ళ ప్రాణాలకి సంబంధించిన విషయం."

పద్దెనిమిదేళ్ళు ఆ ఆడవాళ్ళ చెయ్యి పట్టుకుని కూర్చున్న మనిషికి నేను చెప్పిన పాఠం ఇది. తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. ఆవిడ "సరే బాబూ" అని పెట్టేశారు.

నేను ఆగలేదు. గప్పాలన్న మాట గుచ్చుతూనే ఉంది. రెండో రోజు రెండో వ్యాసం వేశాను. ఈసారి నెలల వారీగా పట్టిక గీసి, రెండు పేర్లూ రాసి, "ఇవిగో ఆధారాలు. ఇప్పుడేమంటారు?" అని ముగించాను. జబ్బుపడ్డ ఇద్దరు ఆడవాళ్ళని కాపాడుతున్నానని చెప్పుకుంటూ, వాళ్ళ పేర్లు నాలుగు వీధుల్లో పెట్టాను. వాళ్ళు నిజంగా ఉండుంటే ఏమైపోయేవాళ్ళో ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. నా మాట నెగ్గడమే నాకు కావాలి.

నెగ్గింది. ఈమెయిళ్ళలో హైదరాబాదు దాకా పోయింది. బ్లాగులవాళ్ళు ఉన్నదున్నట్టు ఎత్తి వేసుకున్నారు. కోటేశ్వరి అనే పేరున్న ఒక పెద్దావిడ, కొడుకు దగ్గరికి వచ్చి ఉంటున్నావిడ, సమావేశాలకి రావడం మానేసింది. ఎవరో వేళాకోళం ఆడారట. ఇంకెవరో నా వ్యాసాన్ని ఇంగ్లీషులో ముక్కలు చేసి ఇక్కడి చర్చా వేదికలో పెట్టారు. అది సందుల్లోకి చేరింది. పరీక్షలే అబద్ధమైనప్పుడు సూది ఎందుకు పొడిపించుకోవాలని కొందరు ఆడవాళ్ళు ఆ నెల క్లినిక్‌కి రాలేదు. వాళ్ళ ఆరోగ్యం కోసమే రాశానని చెప్పుకున్నవాడి చేతుల మీదుగా జరిగిన మేలు ఇది.

శనివారం మధ్యాహ్నం శ్రీలేఖ ఫోన్ చేసింది. "అన్నా, యూ కమ్ అండ్ టాక్ టు అమ్మ. నౌ లా." ఇక్కడ పెరిగిన పిల్ల, ఇక్కడివాళ్ళలాగే మాట చివర 'లా' తగిలిస్తుంది.

మల్లికార్జునరావు గారు తలుపు తీశారు. ఎప్పుడూ "రా అబ్బాయ్" అనే మనిషి టీవీ కట్టేసి, చెప్పులేసుకుని బయట వరండాలోకి వెళ్ళిపోయారు. లీలావతి గారు భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఉన్నారు.

"ఆ పేర్లు ఎక్కడ చూశావు?"

"ల్యాబ్ కంప్యూటర్లో ఆంటీ. మా కంపెనీ పని చేస్తోంది అక్కడ."

"అంతే అయ్యుండిద్దనుకున్నా."

"ఆ ఇద్దరినీ ఎలాగైనా కాపాడాలనే ఆంటీ..."

"కోటేశ్వరి మా అమ్మ" అన్నారు ఆవిడ. "బాలనాగమ్మ మా అత్తగారు. ఇద్దరూ పోయి చాన్నాళ్ళయింది."

నాకు అర్థం కాలేదు. ఆవిడ నెమ్మదిగా, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పారు.

"ల్యాబోళ్ళు పరీక్ష సరిగ్గా చేస్తన్నారో లేదో మాకు తెలియాలి గదా. అందుకని రోగం ఉందని ముందే తెలిసిన రక్తం రెండు గొట్టాలు మా డాక్టరుగారు నెలనెలా నాకిస్తారు. మిగతావాటిల్లో కలిపి పంపుతా. ఆ రెంటికీ పాజిటివ్ అని వస్తే వాళ్ళు సరిగ్గా చేసినట్టు. రాకపోతే తప్పు చేసినట్టు. ఇది నాకూ ఆయనకీ తప్ప మూడో మనిషికి తెలియకూడదు. గొట్టాల మీద నెంబర్లే ఉంటాయి, రిజిస్టర్లో మాత్రం ఏదో ఒక పేరు రాయాలి. పరీక్షలయ్యాక ఆ రిజిస్టరే ల్యాబ్ కంప్యూటర్లోకి ఎక్కిద్ది."

"అందుకని..."

"మొదట్లో ఏదో ఒక పేరు కల్పించి రాశా. కల్పించిందైనా ఆ పేరు ఎక్కడో ఒక పిల్లకి ఉంటది గదా గోపీ. బతికున్న మనిషి పేరు పక్కన ఆ మాట రాయబుద్ధి కాలా. పోయినోళ్ళనయితే ఇంక రోగం ఏం చేసిద్ది? అందుకని వాళ్ళిద్దరివీ రాశా, వయసు మాత్రం ఆ పిల్లల ఈడుదే వేశా. మా అమ్మ ఏమీ అనుకోదులే అనుకున్నా. నలుగురికి పనికొచ్చిద్దంటే కాదనే మనిషి కాదు."

ఏడు నెలలు వరసగా ఆ రెండు పేర్లకి పాజిటివ్ రావడం పరీక్షలు నిక్కచ్చిగా జరుగుతున్నాయనడానికి రుజువు. నేను దాన్ని మోసానికి రుజువని చాటింపు వేశాను. అది తెలిసిన క్షణాన నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట క్షమాపణ అయ్యుంటే ఈ రోజు కొంచెం తలెత్తుకునేవాణ్ణి. నేనన్నది ఇది: "ఆ రోజు ఫోన్లో ఈ ఒక్క ముక్క చెప్పుంటే నేను రెండోది రాసేవాణ్ణి కాదు కదా ఆంటీ."

ఆవిడ నావైపు చూశారు. "అది చెప్పకూడని సంగతి. నిజం కాదని చెప్పా గదా. నా మాట చాల్లేదా నీకు?"

చాల్లేదు. ఎవరో తెలియని విశ్వసనీయ వర్గాలని నాలుగు వేల మంది నమ్మితే మురిసిపోయాను. నాలుగేళ్ళు అన్నం పెట్టిన మనిషి మాట మాత్రం నాకు చాల్లేదు.

"సోమవారం క్లినిక్‌లో విచారణ పెట్టారు" అన్నారు. "పేర్లు తెలుగు, రాసింది తెలుగులో, అక్కడ తెలుగొచ్చింది నాకొక్కదానికే. నేనే బయటపెట్టానంటన్నారు. నువ్వొచ్చి ఎక్కడ చూశావో చెప్పు నాయనా. పద్దెనిమిదేళ్ళలో ఒక్కళ్ళ పేరు నా నోటెంట రాలేదు. ఆ నమ్మకం మీదే ఆ పిల్లలు చెయ్యి చాపుతారు. అది పోతే నాకు మిగిలేదేం లేదు."

"వస్తాను ఆంటీ" అన్నాను. ఆ మాట అన్నప్పుడు నిజంగానే వెళ్దామనుకున్నాను.

ఆదివారమంతా లెక్కలు వేసుకున్నాను. సంతకం పెట్టిన కాగితం ఉంది. ఉద్యోగం పోతుంది, వర్క్ పాస్ రద్దవుతుంది, విమానం ఎక్కించి పంపేస్తారు, కేసు కూడా పెట్టొచ్చు. సాయంత్రానికి రెండు వ్యాసాలూ తీసేసి ఒక సవరణ వేశాను. "కొన్ని సాంకేతిక కారణాల వల్ల పై కథనాల్లోని వివరాలను ధ్రువీకరించలేకపోయాము. చింతిస్తున్నాము." చింతిస్తున్నామట! ఎవరా "మేము"? పత్రికంతా నేనొక్కణ్ణే. సాంకేతిక కారణం కూడా నేనే.

సోమవారం పొద్దున రైలెక్కి అల్జునీడ్ స్టేషన్‌లో దిగాను. అక్కణ్ణుంచి క్లినిక్ పది నిమిషాల నడక. ప్లాట్‌ఫాం మీద బల్లపై కూర్చున్నాను. ఒక రైలు పోనిచ్చి లేద్దామనుకున్నాను. ఇంకొకటి పోనిచ్చాను. అలా ఎన్ని పోయాయో తెలియదు. విచారణ పది గంటలకి. పదింపావు అయ్యాక అవతలి వైపు రైలెక్కి ఆఫీసుకి వెళ్ళి, కడుపునొప్పి వల్ల ఆలస్యమైందని చెప్పాను. ఫోన్ ఆపేశాను.

బుధవారం ఫోన్ తెరిస్తే శ్రీలేఖ దొరకబుచ్చుకుంది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు, చెప్పింది.

"అన్నా, ఎవరు చేశారో నీకు తెలుసా అని డాక్టర్ అమ్మని అడిగాడు. తెలుసు అంది. హూ అంటే చెప్పలేదు. మీ పేరు చెప్తే అయిపోయేది లా, ఫైవ్ మినిట్స్‌లో ఇంటికి వచ్చేసేది. 'పేర్లు బయట చెప్పడం నా పని కాదు డాక్టర్, వాళ్ళవైనా, అతనిదైనా' అంది. నేను అడిగాను, వై లైక్ దట్, అమ్మా? దానికి ఏమందో తెలుసా? 'వస్తానన్నాడు గదా, వస్తాడనుకున్నా' అంది. వన్ అవర్ డోర్ వైపే చూసిందంట."

ఆవిడ చేత రాజీనామా రాయించుకున్నారు. పేరు బయటపెట్టని విషయంలో ఆ సందుల్లో ఆడవాళ్ళకి దక్కిన మర్యాదే నాకూ దక్కింది. వాళ్ళు దానికి తగినవాళ్ళు, నేను కాను.

ఆ తర్వాత బెడోక్ వైపు వెళ్ళలేదు. మిగతా కుర్రాళ్ళు కూడా మానేశారు. ఆవిడ ఎక్కడ పనిచేసేవారో అప్పటికి ఆ నోటా ఈ నోటా బయటపడిపోయింది. ఆవిడ చేతి వంట తిన్నవాళ్ళే ముఖాలు చిట్లించారు. సంఘం కార్యక్రమాల జాబితాలోంచి ఆవిడ పేరు ఎవరో నిశ్శబ్దంగా తీసేశారు. నేను అన్నీ చూస్తూ ఊరుకున్నాను.

నాలుగు నెలల తర్వాత వన్-నార్త్‌లో భోజనం దగ్గర జనార్దనరావు గారు కనపడి భుజం తట్టారు. "నువ్వు సవరణ ఏసినవ్ చూడు, అది మంచిగ చేసినవ్. తప్పు ఒప్పుకునేటోడు ఈ కాలంల ఎవరున్నరు? గందుకే నువ్వంటే నాకు ఇజ్జత్."

పళ్ళెం అక్కడే వదిలేసి లేచాను. తిట్లు భరించొచ్చు గానీ ఆ మెచ్చుకోలు భరించలేకపోయాను. తిన్నగా గేలాంగ్ వెళ్ళి డాక్టరు గది తలుపు కొట్టాను. వయసు మళ్ళిన చైనా ఆయన. నేను చెప్పిందంతా అడ్డురాకుండా విని, కాగితం మీద రాసుకుని, కలం పక్కన పెట్టారు.

"ఈ మాట నాలుగు నెలల కిందట చెప్పుంటే ఆమె పక్క గదిలోనే ఉండేది. ఇప్పుడు అక్కడ కొత్తమ్మాయి చేరిపోయింది" అన్నారు. ఆవిడ తప్పేమీ లేదని ఉత్తరం రాసి పంపుతానన్నారు.

నాకేమైందో చెప్పాలి కదా. ఏమీ కాలేదు. ల్యాబ్ వాళ్ళు గొడవ వద్దనుకున్నారు. మా కంపెనీ నాకు నాలుగు చీవాట్లు పెట్టి పంపేసింది. రెండు వారాల్లో ఎదురు భవనంలోనే ఇంకో కంపెనీ పిలిచి, ఇంకా పెద్ద ఉద్యోగం ఇచ్చింది. ఆ రోజులు అలాంటివి. ప్రోగ్రాం రాయడం వస్తే చాలు, ముందు కంపెనీ ఎందుకు మానేశావని కూడా అడగలేదు. ఒక మనిషి పద్దెనిమిదేళ్ళ మాటని నేను ఈ రెండు వారాల ఇబ్బందికి భయపడి అమ్ముకున్నానన్నమాట.

కొత్త ఉద్యోగంలో చేరే ముందు బెడోక్ వెళ్ళాను. ఆవిడే తలుపు తీశారు.

"చెప్పేశాను ఆంటీ. డాక్టరుగారికి అంతా చెప్పేశాను."

"తెలుసు. ఉత్తరం వచ్చింది. మంచి పని చేశావు. కూర్చో."

హమ్మయ్య అనుకున్నాను. ఎంత తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నానో రాయడానికి కూడా సిగ్గేస్తోంది. మంచినీళ్ళు ఇచ్చి ఆవిడ అడిగారు: "ఆ పేర్లు తీసేశావా?"

"ఎప్పుడో తీసేశాను ఆంటీ. మీరు చెప్పిన మర్నాడే."

ఆవిడ శ్రీలేఖ వైపు చూశారు. శ్రీలేఖ కంప్యూటర్ ముందు కూర్చుని గూగుల్‌లో ఆ రెండు పేర్లూ తెలుగులో కొట్టింది. వరసగా వచ్చాయి. నా పట్టిక, నా వాక్యాలు, పదకొండు చోట్ల. బ్లాగుల్లో, గ్రూపుల్లో, ఎవరెవరి పేజీల్లోనో. ఆవిడ అప్పటికి చాలాసార్లు చూశారని ఆ కూర్చున్న తీరులోనే తెలుస్తోంది.

"అవి నా చేతిలో లేవు ఆంటీ" అన్నాను.

"కంప్యూటర్ పని నీకు వచ్చు గదా, చెరపలేవా?"

"వాళ్ళందరికీ రాస్తాను. వాళ్ళు ఒప్పుకోవాలి."

ఆవిడ తల ఊపారు. "మా అమ్మకి ఫొటో లేదు గోపీ. చదువు లేదు, వేలిముద్రే. రేషన్ కార్డు మీద తప్ప ఆమె పేరు రాసింది ఎవరూ లేరు. పేరు అచ్చులో పడటం ఇదొక్కటే."

ఉద్యోగం పోయినప్పుడు కూడా గొంతెత్తని మనిషి కళ్ళజోడు తీసి చీర కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు. నేను అక్కడ ఎంతసేపు కూర్చున్నానో, ఏం చెప్పి బయటపడ్డానో గుర్తు లేదు.

పదకొండు మందికీ రాశాను. ఆరుగురు తీసేశారు. మిగతావాళ్ళు జవాబివ్వలేదు, వాళ్ళలో ముగ్గురి పేజీలు తర్వాత వాటంతటవే మూతపడ్డాయి. లీలావతి గారు మళ్ళీ ఉద్యోగానికి వెళ్ళలేదు. నాలుగేళ్ళ కిందట పోయారు. నేను చివరి వరసలో నిలబడి చూసి వచ్చాను. ఆ పేర్లు గూగుల్‌లో కొడితే రెండు చోట్ల నా అబద్ధం ఇప్పటికీ వస్తుంది. వాటి పైన ఇది రావాలని ఈ వ్యాసం రాశాను. సవరణంటూ వేస్తే ఆ రోజే ఇలా వెయ్యాల్సింది.

కోటేశ్వరి గారు చీరాలలో నలభై ఏళ్ళు కండెలు చుట్టి కూతుర్ని చదివించారు. డెబ్భై ఒకటో ఏట జ్వరంతో పోయారు. బాలనాగమ్మ గారు వేటపాలెంలో ఐదుగురు పిల్లల్ని పెంచి, ఎనభై దాటాక పోయారు. ఇద్దరిలో ఎవరూ సింగపూర్ రాలేదు. ఎవరికీ ఏ చెడ్డ రోగమూ లేదు. గేలాంగ్ సందుల్లో ఆడవాళ్ళకి పరీక్షలు సరిగ్గానే జరిగాయి. ఏడు నెలల ఆ రికార్డులు నేను కళ్ళారా చూశాను. వాటిని దొంగతనంగా చదివి, ఎవరినీ అడగకుండా రాసిన మనిషి పేరు గోపీకృష్ణ.

ఈ వివరాలు రాసే ముందు శ్రీలేఖకి ఫోన్ చేశాను. ఊరు, వయసు, పిల్లలెందరు అని ఒక్కొక్కటే అడిగి రాసుకున్నాను. అన్నీ ఓపిగ్గా చెప్పింది.

చివర్లో, "ఇలా అప్పుడు అడగాల్సింది కదా అన్నా" అంది.